ఫ్లోరైడ్ ప్రాజెక్టుకి గ్రాంట్: బడ్జెట్ ఎలా రాయాలి?

నమస్తే అండీ. నేను నల్లగొండలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. మర్రిగూడ వైపు తాగడానికి మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నా, పొలాలకు మాత్రం ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లే. ఆ నీళ్లతో పండిన ఆకుకూరల్లోకి ఫ్లోరైడ్ ఎంత చేరుతోందో కొలవాలని ప్రాజెక్టు రాస్తున్నాను. తాగునీటికి లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దుంది, మరి కూర సంగతేంటి? ఇది తేలాల్సిన విషయమని నా గట్టి నమ్మకం.

టెన్షనంతా బడ్జెట్ దగ్గరే. ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్, మీటరు కొంటామని రాయాలా, లేక శాంపిళ్లు బయటి ల్యాబ్‌కు పంపే ఖర్చు చూపాలా? పాలకూర, తోటకూర కడిగి, ఎండబెట్టి, పొడి చేసే వసతి మా దగ్గరే ఉంది. ముందే కొన్ని శాంపిళ్లు పరీక్షించి ఆ ఫలితాలు జతచేస్తే రివ్యూ చేసేవాళ్లకు నమ్మకం కుదురుతుందా? గ్రాంట్ తెచ్చుకున్న సార్లు, మేడమ్‌లు ఎవరైనా నా రెండు పేజీల సారాంశం చదివి, ఎక్కడ తేలిపోతోందో మొహమాటం లేకుండా చెప్పగలరా?