గ్రేలింగ్ చేప పులుసుకు ఆగుతుందా?

అందరికీ నమస్తే. మాది దేవరకొండ. మా తమ్ముడు ఉత్తర స్వీడన్‌లో ఉంటాడు. నిన్న అక్కడి ఏట్లో గాలమేసి గ్రేలింగ్ అనే చేప పట్టి వీడియో కాల్‌లో చూపించాడు. ట్రౌట్ అనే చల్లనీటి చేపకు చుట్టమే. వీపు మీది రెక్క తెరచాపలా లేచి, ఎర్రటి చుక్కలతో ఎంత బాగుందో! "అక్కా, వాము వాసనొస్తుందే" అన్నాడు. దాని శాస్త్రీయ నామం థైమాలస్ వచ్చిందే థైమ్ ఆకు వాసన నుంచి. వాములో ఉండే థైమాల్ అనే వాసన పదార్థం ఆ ఆకులోనూ ఉంటుంది.

నాకు డిండి, సాగర్ చేపలే తెలుసు. కొర్రమట్టయితే చింతపండు పులుసులో ముక్క చెదరదు. ఇదేమో మెత్తటి తెల్ల కండ. వాడికి అమ్మ చేసినట్టే కావాలంట. అమ్మ పోయి మూడేండ్లయింది, నేనే ఫోన్‌లో చెప్పి చేయించాలె. ముక్కలు ముందే వేయించాలా? పులుసు దగ్గరపడ్డాక వేస్తే చాలా? ఆ దేశాల్లో వండినవాళ్లు దయచేసి చెప్పండి. ఆదివారం వండుతాడు.