డెంప్‌స్టర్ హైవేకు ఒక్క స్టెప్నీ సరిపోతుందా?

కెనడాలోని యూకాన్‌లో డాసన్ సిటీకి దగ్గరగా మొదలై ఇనువిక్ వరకు సుమారు 740 కిలోమీటర్లు సాగే డెంప్‌స్టర్ హైవే మీద, పీల్, మెకంజీ నదులపై ఫెర్రీలు నడిచే జూలైలో, మేమిద్దరం చిన్న కారులో వెళ్లబోతున్నాము. దాదాపు దారంతా కంకరే; మొదటి పెట్రోలు బంకు 369వ కిలోమీటరు దగ్గర, ఈగిల్ ప్లెయిన్స్‌లో గాని లేదు.

కారుతో వచ్చినది సన్నటి తాత్కాలిక స్టెప్నీ. గంటకు 80 కిలోమీటర్లు దాటవద్దని దాని మీదే ముద్రించి ఉంది. దాని స్థానంలో పూర్తి సైజు చక్రాన్ని పెట్టి చూస్తే డిక్కీ అడుగు పలక నాలుగు వేళ్ల ఎత్తు లేచి నిలిచింది. పైన క్యారియర్‌కు కట్టి మట్టిరోడ్డుపై నడిపితే కుదుపులకు పట్టీలు వదులయ్యాయి. చివరకు ఒక చక్రాన్ని వెనుక సీటులో బిగించగలిగాము గాని, రెండోది పెడితే గుడారానికీ నీళ్లకూ చోటుండదు. ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్ ఉన్నది నిజమే, అయితే పదునైన పలకరాయి టైరు పక్కభాగాన్ని కోస్తే అది అక్కరకు రాదు.

రెండు స్టెప్నీలు ఉండాలన్న సలహా తరచుగా వినిపిస్తున్నది. ఈ దారిలో చిన్న కారు నడిపినవారు దయచేసి చెప్పగలరా: పూర్తి సైజు చక్రం ఒక్కటి, పంక్చర్ కిట్‌తో బయలుదేరవచ్చునా, లేక రెండోది తప్పనిసరా?