హూలియాన్ ఎర్నాందెస్ సినిమాలు చూసినవాళ్లున్నారా? ఒక సందేహం

ఈ మెక్సికో దర్శకుడి సినిమాల దగ్గర ఇరుక్కుపోయాను, కాస్త దారి చూపించండి.

మొదట 2003 నాటి ‘మిల్ నూబెస్ దె పాస్’ చూశాను. (అసలు పేరు ఇంకా చాంతాడంత ఉంది, ఇటలీ కవి, దర్శకుడు పసోలినీ కవితలోంచి తీసుకున్నదట.) బెర్లిన్ చిత్రోత్సవంలో స్వలింగ ప్రేమ లాంటి కథల సినిమాలకిచ్చే టెడ్డీ అవార్డు వచ్చిందని వెతికి పట్టుకున్నా. కథంటే ఏముంది, హెరార్దో అనే కుర్రాడు, వదిలేసి వెళ్లినవాడు రాసిన ఉత్తరం, మెక్సికో సిటీ వీధులు. అంతే. కానీ నలుపు తెలుపుల్లో ఆ కాగితం వెంటబెట్టుకుని వాడు తిరుగుతుంటే నాకు గొంతు పట్టేసింది.

చిక్కంతా 2006 నాటి ‘ఎల్ సియెలో దివిదిదో’తో. హెరార్దో, హోనాస్ ఇద్దరూ విద్యార్థులు, పిచ్చి ప్రేమ. తర్వాత హోనాస్ మనసు ఇంకెవరి మీదికో మళ్లుతుంది. వాళ్లు మాట్లాడుకునేది బహు తక్కువ, అంతా చూపులూ ఒంటి కదలికలే. అది బాగుంది. మరి కళ్లకు కనిపిస్తున్నదాన్నే వెనకనుంచి ఓ గొంతు మళ్లీ ఎందుకు చెబుతుంది? నాకైతే చిరాకేసింది. నాకు స్పానిష్ రాదు, సబ్‌టైటిల్సే దిక్కు. ఆ మాటల్లో ఉన్న లయ ఏదైనా నాకు అందట్లేదా? స్పానిష్ తెలిసినవాళ్లు చెప్పాలి.

ఇంకోటి. 2009 నాటి ‘రాబియోసో సోల్, రాబియోసో సియెలో’ 191 నిమిషాలు. దానికీ టెడ్డీ వచ్చింది. ఒక్క బిగిన చూడాలా, రెండు రాత్రులు చేసుకోవచ్చా? లేక ముందు ఇంకో మెక్సికో దర్శకుడు ఎర్మోసియో తీసిన 1985 నాటి ‘దోన్యా ఎర్లిందా’ చూసి రమ్మంటారా? అందులో కొడుకు ప్రియుణ్ణి తల్లే ఇంట్లో పెట్టుకుంటుందని విన్నప్పట్నుంచీ మనసు అటే లాగుతోంది.