నాలుగో అధ్యాయానికే కథ కంచికి: వంశవృక్షం మిస్టరీలో డీఎన్ఏతో వేగేదెలా?

చిత్తుప్రతి:
కోజీ మిస్టరీ, అంటే రక్తపాతం పెద్దగా చూపించకుండా చిన్న ఊళ్లో నడిచే హత్య కథ, ఒకటి రాస్తున్నాను. ఇంగ్లండ్‌లో ఒక పల్లె, 2016 వసంతం. ఫీజు తీసుకుని వంశవృక్షాలు వెతికిపెట్టే మనిషి హీరోయిన్. పెళ్లి చేసుకోని ఒక పెద్దాయన వీలునామా రాయకుండా పోయాడు. పోకముందు సరదాకి డీఎన్ఏ పరీక్ష చేయించుకున్నాడు. డెబ్బై దాటిన ఒకావిడకి ఆయనతో 1,750 సెంటీమోర్గాన్లు (ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న డీఎన్ఏకి కొలత) కలిశాయి. అంటే ఆయన తండ్రికి బయట పుట్టిన కూతురు, ఆస్తి ఆవిడదే. చిక్కేమిటంటే ఇది నాలుగో అధ్యాయంలోనే తేలిపోతోంది. మిగతా ఇరవై అధ్యాయాలు ఏం చెయ్యాలి? పరీక్ష తీసేద్దామంటే 2016లో వంశవృక్షాల మనిషి డీఎన్ఏ ఊసెత్తకపోతే ఎవరూ నమ్మరు.

కొమ్మారెమ్మ:
తీసేయకండి. ఆ అంకెను జవాబుగా కాక ప్రశ్నగా వాడండి. 1,750 అనగానే సవతి చెల్లెలే కానక్కర్లేదు. తాతా మనవలకు, మేనమామకీ మేనకోడలికీ, సవతి తోబుట్టువులకు, ముగ్గురికీ సగటు దాదాపు అంతే వస్తుంది. వయసులు చూసి వాటిలో ఒకటి ఎంచుకుంటారు. ఇక్కడ ఇద్దరూ ఒక ఈడువాళ్లు కాబట్టి మీ హీరోయిన్ సవతి చెల్లెలు అనుకుంది, అంతే.

అంకె తగ్గేకొద్దీ అనుమానం పెరుగుతుంది. సెకండ్ కజిన్లకు, అంటే ముత్తాత ఒక్కరే అయినవాళ్లకు, సగటు 230 దగ్గర ఉంటుంది. కానీ అది 40 నుంచి 590 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అంత దూరం బంధువులతో పని పడితే హీరోయిన్ చేత 400కీ 90కీ మధ్య కలిసినవాళ్లందరినీ ఒక జాబితా వేయించండి. పైవాడికి ఒక రంగు, వాడితో కలిసినవాళ్లకూ అదే రంగు, రంగు పడని తర్వాతివాడికి ఇంకో రంగు. మామూలుగా నాలుగు గుంపులు తేలతాయి, తాతలూ అమ్మమ్మా నాయనమ్మల వైపు ఒక్కొక్కటి. దీన్ని లీడ్స్ పద్ధతి అంటారు. ఆ పేరు వచ్చింది 2018లో గనుక మీ నవలలో రంగులు వేయించండి, పేరు మాత్రం పలికించకండి.

రాసేవాళ్లు ఎక్కువగా పొరపడే చోటు ఇంకొకటుంది. "డీఎన్ఏ కలవలేదు కాబట్టి బంధువు కాదు" అని రాసేస్తారు. సెకండ్ కజిన్ల దాకా ఆ మాట చెల్లుతుంది, అక్కడ సున్నా వస్తే వంశవృక్షంలో ఎక్కడో అబద్ధం ఉన్నట్టే. థర్డ్ కజిన్లలో, అంటే ఉమ్మడి పూర్వీకుడు ఇంకో తరం పైన ఉన్నవాళ్లలో, మాత్రం సుమారు పదిమందిలో ఒకరికి నిజం బంధువుతోనే ఏమీ కలవదు.

రిజిస్టర్‌పురుగు:
నేనైతే ఆ 1,750ని అబద్ధం చేసేస్తాను. దానికి ఒక్క కాగితం చాలు.

ఇంగ్లండు, వేల్స్ జనన ధ్రువపత్రంలో మొదటి గడి ఎప్పుడు, ఎక్కడ పుట్టాడన్నది. అందులో మామూలుగా తేదీ మాత్రమే ఉంటుంది. కవలలు పుడితేనే గంటా నిమిషమూ రాస్తారు, ఎవరు ముందో తెలియాలి కదా. పెద్దాయన తండ్రి పత్రాన్ని రెండో అధ్యాయంలో పాఠకుడి కళ్లముందు పెట్టండి: "పద్నాలుగు మార్చి 1908, ఉదయం 4 గంటల 20 నిమిషాలు, మిల్ లేన్." ఇంకో గడిలో తండ్రి వృత్తి దగ్గర సిరామరక పడి ఉందనండి. హీరోయిన్ ఆ మరక వెనకాల ఏముందా అని భూతద్దం పెట్టి చూస్తుంటుంది, పాఠకుడూ దాన్నే చూస్తాడు. 4 గంటల 20 నిమిషాలు ఎవరికీ పట్టదు.

జాగ్రత్త, ఈ క్లూ స్కాట్లాండులో పనికిరాదు. అక్కడ 1855 నుంచీ ప్రతి పుట్టుకకూ సమయం రాస్తారు. ఇంగ్లండులో కూడా రిజిస్ట్రేషన్ మొదలైన 1837 తర్వాత తొలి ఏళ్లలో కొందరు రిజిస్ట్రార్లు అందరికీ గంట వేసేవారు. 1908కి ఆ గొడవ లేదు.

కొమ్మారెమ్మ:
ఒకేలాంటి కవలలైతే అద్భుతం! ఆ అన్నదమ్ములిద్దరి డీఎన్ఏ ఒకటే. అన్న కొడుక్కీ తమ్ముడి కూతురికీ పరీక్ష చేస్తే ఒకే తండ్రి బిడ్డల్లా, సరిగ్గా సవతి తోబుట్టువుల అంకె వస్తుంది. మామూలు అన్నదమ్ముల పిల్లలైతే సగటు 870 దగ్గర ఉండేది. అంటే ఆవిడ పెద్దాయనకి బాబాయి కూతురు, చెల్లెలు కాదు. తన తల్లి తప్పు చేసిందని ఆవిడ నాలుగో అధ్యాయం నుంచీ కుమిలిపోతుంటుంది, తల్లి ఏ తప్పూ చెయ్యలేదు. ల్యాబ్ మళ్లీ పరీక్ష చేసినా అదే అంకె వస్తుంది, తేల్చాల్సింది కాగితమే.

చివరిపేజీ:
కవలలా? పాచిపోయిన ట్రిక్కండీ. ఇంగ్లీషు డిటెక్టివ్ కథల రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో అపరాధ పరిశోధక కథలకు పది నియమాలు పెడితే పదోది దీని మీదే: పాఠకుణ్ణి ముందే సిద్ధం చెయ్యకుండా కవలల్ని దింపకూడదు. ఒక్క 4 గంటల 20 నిమిషాలు సరిపోదు. ఆ సంగతి తెలియని పాఠకుడికి అది క్లూయే కాదు. గంట ఎందుకు రాస్తారో కూడా ముందే ఎక్కడో చెప్పాలి, వేరే కుటుంబం విషయంలో, వేరే సందర్భంలో. మొదటి అధ్యాయంలో హీరోయిన్ ఇంకో క్లయింటుకి ఫోనులో "గంట రాసి ఉందా? అయితే ఇంకో బిడ్డ కోసం చూడండి" అని ఒక ముక్క అని పెట్టేస్తే చాలు. ఆ తర్వాత నలభై పేజీల దాకా మళ్లీ ఆ మాట ఎత్తొద్దు.

రిజిస్టర్‌పురుగు:
ఒప్పుకుంటున్నాను. ఇంకో రెండు కాగితాలతో బిగించొచ్చు.

1911 జనాభా లెక్కలు. అంతకుముందు లెక్కల్లో ఇంటివాళ్లు నింపిన ఫారాలు పోయాయి, గణకుడు ఎత్తి రాసుకున్న పుస్తకాలే మిగిలాయి. 1911వి మాత్రం ఇంటి యజమాని స్వదస్తూరీతో ఉన్న ఫారాలే. పెళ్లై ఎన్నేళ్లు, ఎంతమంది ప్రాణంతో పుట్టారు, ఎంతమంది ఉన్నారు, ఎంతమంది పోయారు అనే గడులు మొదటిసారి అందులో వచ్చాయి. కవలల తల్లి వరసలో 3, 3, 0 అని ఉంటుంది. ఇంట్లో పేర్లు చూస్తే ఇద్దరే పిల్లలు. మూడోవాడు ఆమె అక్కగారింట్లో నెఫ్యూ అని కనిపిస్తాడు. తెలుగులో అయితే వరస చెప్పగానే ఎవరి తరఫువాడో పట్టేస్తాం. ఇంగ్లీషులో అన్న కొడుకూ, చెల్లెలి కొడుకూ, భార్య అక్క కొడుకూ అందరూ నెఫ్యూలే. మీకు ఆ అయోమయం వరం.

రెండోది 1939 రిజిస్టర్, యుద్ధం మొదలయ్యాక జనాన్ని ఇంటింటా నమోదు చేస్తూ సెప్టెంబర్ 29న తీసింది. అందులో వయసు కాదు, పూర్తి పుట్టినతేదీ ఉంటుంది. 1931 లెక్కలు 1942లో కాలిపోయాయి, 1941లో అసలు తీయలేదు, కాబట్టి 1921కీ 1951కీ మధ్య మిగిలింది ఇదొక్కటే. పెద్దమ్మ ఇంటిపేరుతో పెరిగిన మనిషి పక్కన 14 మార్చి 1908 కనబడాలి. 2015లోనే ఇది ఆన్‌లైన్లోకి వచ్చింది గనుక మీ హీరోయిన్‌కి అందుతుంది. 1921 లెక్కలు మాత్రం చూపించకండి, అవి తెరిచింది 2022లో.

వీలునామా:
హత్య ఎందుకు జరుగుతుందో ఎవరూ అడగలేదు. నూరేళ్లనాటి రహస్యం కోసం ఇవాళ ఎవరూ చంపరు, ఇవాళ నష్టపోయేవాడు ఉండాలి. వీలునామా లేకపోతే ఇంగ్లండ్ చట్టం ఒక వరస ప్రకారం పోతుంది: భార్య లేక భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, సొంత తోబుట్టువులు, తర్వాతే సవతి తోబుట్టువులు, ఆపైన తాతలు, బాబాయిలు అత్తలు, వాళ్ల పిల్లలు. భార్యకీ పిల్లలకీ మధ్య పంపకం ఉండొచ్చు గానీ, ఆ తర్వాత పై మెట్టులో ఒక్కరున్నా కింది మెట్టుకి పైసా రాదు. ఆవిడ సవతి చెల్లెలైతే మొత్తం ఆవిడదే. బాబాయి కూతురైతే మిగతా కజిన్లతో పంచుకోవాలి. అంటే 4 గంటల 20 నిమిషాలు తెలిస్తే నష్టపోయేది ఆవిడ, లేదా ఆవిడ తరఫున వాటా మాట్లాడుకున్న వాళ్లు. నేనైతే ఆవిణ్ణి అమాయకురాలిగా ఉంచి, వారసుల్ని వెతికి శాతం పుచ్చుకునే పోటీ సంస్థ మనిషిని హంతకుణ్ణి చేస్తాను. వాళ్లుండటం సహజమే. 2016లో వారసులు తెలియని ఆస్తుల జాబితాని ప్రభుత్వ న్యాయ విభాగం బయటపెట్టేది, వీళ్లు దాన్నే పొద్దున్నే చూసేవాళ్లు.

రెండు తేదీలు చూసుకోండి. పెళ్లికాని తల్లిదండ్రుల పిల్లలకి ఆ తల్లిదండ్రుల ఆస్తిలో పూర్తి వాటా వచ్చింది 1969 చట్టంతో, 1970 జనవరి 1 నుంచి. తోబుట్టువుల ఆస్తికి అది వర్తించింది 1987 చట్టం తర్వాతే. పెద్దాయన 2016లో పోయాడు కాబట్టి ఆవిడ క్లెయిము నిలబడేదే, అందుకే పాఠకుడు నమ్ముతాడు. ఇంకోటి, చట్టబద్ధమైన దత్తత అక్కడ 1927లో మొదలైంది. 1908 బిడ్డని పెద్దమ్మ పెంచుకుందంటే అది ఇంటి ఏర్పాటే, పుట్టింటి వారసత్వం తెగదు. అదే 1927 తర్వాత కోర్టు దత్తతైతే మీ కథ మొత్తం మారిపోతుంది.

చిత్తుప్రతి:
తీగ లాగితే డొంకంతా కదిలింది! పుస్తకం మొదట్లో వంశవృక్షం బొమ్మ వేద్దామనుకున్నాను. వేస్తే కవలలు బయటపడతారు, వేయకపోతే పేర్లు గుర్తుండవు.

చివరిపేజీ:
కుటుంబం నమ్ముతున్న తప్పు వంశవృక్షాన్ని మొదట్లో వేయండి, పెద్దాయన అత్త చేతిరాతతో. అది మోసం కాదు, అది ఆమె సాక్ష్యం. సరైనది చివర. నాలుగు తరాలు, పన్నెండు పేర్లు దాటితే ఎవరూ వెనక్కి తిప్పి చూడరు. ఇద్దరు కవలలకీ ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లు పెట్టొద్దు.

రిజిస్టర్‌పురుగు:
వదిలేసే ముందు ఒకటి. హీరోయిన్ వెబ్‌లో జనన నమోదుల ఇండెక్స్ చూసి పుట్టినరోజు చదివేసినట్టు రాయకండి. 1908 ఇండెక్స్‌లో పేరు, జిల్లా, సంపుటం, పేజీ ఉంటాయి, అది కూడా నమోదైన మూడు నెలల విడత కిందే. నమోదుకి 42 రోజుల గడువుంది కాబట్టి మార్చి 14 బిడ్డలు జూన్ విడతలో, అంటే ఏప్రిల్ నుంచి జూన్ దాకా నమోదైనవాళ్లలో, దొరకొచ్చు. మార్చిలో వెతికి లేరనుకోవడమే ఆమె మొదటి పొరపాటు కానివ్వండి. జూన్‌లో ఒకే ఇంటిపేరు, ఒకే పేజీ సంఖ్యతో రెండు పేర్లు కనబడతాయి. పేజీలో వేరేవాళ్ల పుట్టుకలూ ఉంటాయి, అదొక్కటే రుజువు కాదు, కాబట్టి ఇంటిపేరు బాగా మామూలుది పెట్టండి. తల్లి పుట్టింటిపేరుతో వెతికించకండి. పాత ఇండెక్స్‌లో ఆ వివరం చేరింది 1911 సెప్టెంబర్ విడత నుంచే. అంతకుముందు పుట్టుకలకి కూడా దాన్ని చేర్చిన ఆన్‌లైన్ ఇండెక్స్ వచ్చింది 2016 నవంబరులో, మీ కథ నడిచేది వసంతంలో.