కోయకుండా చర్మం లోపల చూడగలిగితే బయాప్సీ ఎందుకు?

ఒంగోలు కోడలు:
మా అత్తయ్యగారి చెంప మీద నల్లమచ్చ పెరుగుతోంది. నెల్లూరు డాక్టరుగారు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు. ముఖం మీద కత్తి అనేసరికి ఆవిడకు ఒకటే టెన్షన్. లేజర్‌తో పైనుంచే కణాలు చూపించే కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ ఉందంట కదా, మరి కోయడం దేనికి?

కావలి ల్యాబ్:
ఉందమ్మా. 1995 నాటికే బతికున్న మనిషి చర్మాన్ని దాంతో చూశారు. లేజర్ వెలుగును ఒక్క పొర మీద నిలిపి, అక్కణ్ణుంచి తిరిగొచ్చేదాన్ని మాత్రమే సన్నటి రంధ్రంలోంచి తీసుకుంటారు. మిగతా పొరల వెలుగు ఆ రంధ్రం దగ్గరే ఆగిపోతుంది. రంగులు పూయక్కర్లేదు, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ దానంతటదే తెల్లగా మెరుస్తుంది. సన్న నాళాల్లో రక్తకణాలు వరసగా పరిగెత్తడం కూడా కనబడుతుంది. కోసిన ముక్కలో అది ఎప్పటికీ చూడలేం. మన జిల్లాలకు ఇది రావాల్సిందే.

ముత్తుకూరు:
రావాలి సరే అన్నా, ముందు ఉన్నవాటి సంగతి చూడండి. రొయ్యల గుంటల్లో దిగేవాళ్లకు కాలివేళ్ల సందులు పాచిపోతుంటాయి. పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మామూలు మైక్రోస్కోప్ కింద పెడితే ఫంగస్ పోగులు తెలిసిపోతాయి. మా దగ్గర దానికే మనిషి దొరకడు. పైగా కాన్‌ఫోకల్ చూపించేది సుమారు 0.2 మిల్లీమీటర్ల లోతే. క్యాన్సర్ అంతకంటే కిందికి దిగితే ఏం చెబుతుంది?

కావలి ల్యాబ్:
లోతు విషయం నిజమే. 1990లో కార్నెల్ యూనివర్సిటీలో డెంక్, స్ట్రిక్లర్, వెబ్ ఇంకాస్త లోతుకు చూడగల టూ-ఫోటాన్ లేజర్ మైక్రోస్కోప్ తెచ్చారు. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ పోగుల్ని సైతం అలాంటి లేజర్‌తో రంగు లేకుండా చూడొచ్చు. అయినా చర్మంలో అదీ మిల్లీమీటరు లోపే. మన చాయకు ఇంకో చిక్కుంది, మెలనిన్ మెరుపు కింది పొరల్ని కప్పేస్తుంది.

నేను బయాప్సీ మానేయమనడం లేదు. పెద్ద మచ్చలో ఏ మూల కోయాలో చాలాచోట్ల కంటి అంచనాతోనే తేలుస్తున్నారు. జబ్బు లేని మూల కోస్తే రిపోర్టు బాగానే వస్తుంది, జబ్బు మాత్రం చెంపలోనే ఉండిపోతుంది. నా బాధంతా అక్కడే. ఎక్కడ కోయాలో ఈ యంత్రం చూపిస్తుంది. చదివే మనిషినీ తయారుచేసుకోవాలి. ముక్కను నిలువుకోతలో చూడటం అలవాటైన పాథాలజిస్టులకు ఇది పొరను అడ్డంగా చూపిస్తుంది.

ముత్తుకూరు:
ఆ మనిషికి జీతమిచ్చి నిలబెడతారంటే నాకూ సమ్మతమే అన్నా.

ఒంగోలు కోడలు:
అయితే ముక్క తీయిస్తాం. ఏ మూల తీస్తారో, అక్కడే ఎందుకో డాక్టరుగారిని అడుగుతాను.

కావలి ల్యాబ్:
అడగండమ్మా. కోసేముందు ఫోటో తీయించి, కోసే చోటు అందులో గుర్తు పెట్టించండి. రిపోర్టులో ఏమీ లేదన్నా మచ్చ ఇంకా పెరుగుతుంటే, ఆ ఫోటో తీసుకుని మళ్లీ వెళ్లండి.