పాత ఆర్‌ఎస్‌ఆర్, ఇప్పటి అడంగల్: రెండూ కలవడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మద్రాసు ప్రెసిడెన్సీ నాటి ఆర్‌ఎస్‌ఆర్‌ను (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అప్పటి మూల భూమి రికార్డు) ఒక గ్రామం వరకు ఎక్సెల్‌లో ఎక్కించాం. సర్వే నంబరు పట్టుకుని అడంగల్‌తో (ఇప్పటి గ్రామ భూమి, సాగు లెక్క) కలిపితే చాలా వరుసలు జతపడట్లేదు. విస్తీర్ణాల్లోనూ తేడాలే. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు సర్వే నంబరు గడిని టెక్స్ట్‌గా పెట్టండి, అదీ డేటా ఎక్కించక ముందే. లేదంటే 12/10 తేదీగా మారిపోతుంది. ఆ తర్వాత ఫార్మాట్ మార్చినా పాత నంబరు రాదు, మళ్లీ టైపు చేయాల్సిందే.

విస్తీర్ణంలో పెద్ద చిక్కు దశాంశంతో. 2 ఎకరాల 5 సెంట్లను 2.5 అని కొడితే 2 ఎకరాల 50 సెంట్లవుతుంది. ఒక్క గడిలోనే 45 సెంట్లు పుట్టుకొస్తాయి! ఎకరాలు, సెంట్లు వేర్వేరు గళ్లలో కొట్టించి, అన్నీ సెంట్లలోకి తెచ్చుకోండి. హెక్టార్లయితే 247.1తో గుణించాలి. ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పటాల పుస్తకం) కొలతలు లింకుల్లో, అంటే సర్వే గొలుసు కొలతలో ఉంటే 1,000 చదరపు లింకులు ఒక సెంటు.

ఇక జత కుదరకపోవడానికి ఎక్కువగా సబ్‌డివిజన్లే కారణం. అప్పటి 45/2 ఇప్పుడు 45/2ఎ, 45/2బి అయి ఉంటుంది. ఏ నంబరు దేన్నుంచి చీలిందో వేరే పట్టిక రాసుకుని, పిల్ల నంబర్ల మొత్తాన్ని తల్లి నంబరుతో సరిచూడండి. ఎక్కువొస్తే ఒకే భూమి రెండు ఖాతాల్లో ఎక్కిందేమో, తక్కువొస్తే ఏదో సబ్‌డివిజన్ జారిపోయిందేమో వెతకాలి.

ప్రశ్న: పట్టాదారు గడిలో కొన్నిచోట్ల చుక్కలే ఉన్నాయి. ఆ వరుసలు తీసేయొచ్చా? పేర్లు పోల్చడానికి ఏ పద్ధతి మేలు?

జవాబు: దయచేసి తీసేయకండి. అవే చుక్కల భూములు. వాటి పరిష్కారానికే ఆంధ్రప్రదేశ్ 2017లో చట్టం తెచ్చింది. ‘చుక్క’, ‘ఖాళీ’, ‘చదవలేనిది’ అని మూడు వేర్వేరు కోడ్‌లు ఇవ్వండి.

పేర్లను ఒకే సర్వే నంబరు లోపలే పోల్చండి, ఇంటిపేరు, తండ్రిపేరు విడదీసి. రెండు పేర్ల అక్షరాలు ఎంత దగ్గరగా ఉన్నాయో స్కోరు ఇచ్చే జారో-వింక్లర్ పద్ధతి సరిపోతుంది. కానీ వెంకటేశ్వర్లు, వెంకటేశ్వరరావు అన్నదమ్ములూ కావచ్చు, ఒకే మనిషీ కావచ్చు. స్కోరు ఆ తేడా చెప్పలేదు. పైగా ఆర్‌ఎస్‌ఆర్ నాటి రైతులు ఇప్పుడు లేరు, వారసుల పేరు కలవకపోతే మోసమని అర్థం కాదు. కాబట్టి ఏ ఫైలు ముందు చూడాలో తేల్చడానికే స్కోరు వాడండి. పాత నమోదు మీద ఏదీ దిద్దకుండా, పక్క గడిలో స్కాన్ పేజీ నంబరుతో సహా రాయండి. తహసీల్దారు విచారణలో రైతు చూపించగలిగేది ఆ పేజీనే.