ఆడ్సల్‌ని ఖాళీ చేసిందెవరు? 1,02,569 నుంచి 324 దాకా

చలిదేశపు బాబాయి:
బ్రాడ్‌ఫర్డ్‌లో మా ఇంటికి కాస్త దూరంలోనే ఆడ్సల్ స్టేడియం. ఒకప్పటి క్వారీ గొయ్యి. ఊళ్లో చెత్త తెచ్చి పోసి గట్లు లేపి 1934లో మైదానం చేశారు. 1954 మే 5, బుధవారం సాయంత్రం ఈ గోతిలోనే రగ్బీ లీగ్ చాలెంజ్ కప్ ఫైనల్ రీప్లే జరిగింది. వారింగ్టన్ 8, హాలిఫాక్స్ 4. టికెట్ లెక్క 1,02,569 మంది. కంచెలు తోసుకుని లోపలికొచ్చినవాళ్లు లెక్కలో లేరు.

అదే మైదానంలో 1963 నవంబరు 23న సొంత క్లబ్బు బ్రాడ్‌ఫర్డ్ నార్తర్న్, బారో జట్టుతో ఆడింది. వచ్చినవాళ్లు 324 మంది. మన వైపు ఒక మోస్తరు పెళ్లిలో మొదటి పంక్తికి కూర్చునే జనం. తర్వాతి నెలలోనే క్లబ్బు మూతపడింది.

తెలియనివాళ్ల కోసం: రగ్బీ లీగ్ అంటే 13 మంది ఆడేది. ఆట కోసం షిఫ్టు మానుకున్న గని, మిల్లు కార్మికులకి పోయిన కూలి ఇవ్వాలా వద్దా అన్న తగువుతో 1895లో హడర్స్‌ఫీల్డ్‌లో విడిపోయింది. 15 మంది ఆడే దొరల రగ్బీ వేరు.

నా ఓటు టీవీకే. 1951 కప్ ఫైనల్‌కి వెంబ్లీలో 94 వేల మంది. 1952లో బీబీసీ ఫైనల్‌ని మొదటిసారి లైవ్‌లో చూపించింది, వచ్చింది 72 వేలు. 1958 నుంచి బీబీసీలో గ్రాండ్‌స్టాండ్ అనే ఆటల కార్యక్రమం, అదీ శనివారం మధ్యాహ్నం, సరిగ్గా ఆట వేళకే. వానలో గట్టు మీద నిలబడేదెవరు? కాదనేవాళ్లు చెప్పండి.

స్కోరుకార్డు:
బాబాయి గారూ, ఆ రెండు ఫైనళ్లలో ఎవరెవరు ఆడారో చెప్పకుండా అంకెలు మాత్రం ఇచ్చారు. 1951లో విగన్ ఆడింది. విగన్ వెంబ్లీకి వెళ్తే ఊరంతా కదులుతుంది. 1952లో వర్కింగ్టన్ టౌన్, ఫెదర్‌స్టోన్ రోవర్స్. రెండోది చిన్న గని ఊరు. మొదటిది కంబర్లాండ్ అంచున, సముద్రం ఒడ్డున, లండన్‌కి ఎంతో దూరంలో. రెండూ కలిపి 72 వేలు తెచ్చాయంటే నాకైతే అదే గొప్ప.

వర్కింగ్టన్ మాట వచ్చింది కాబట్టి, నా బలహీనత, రెండు ముక్కలు. ఆ క్లబ్బు పుట్టిందే 1945లో. 1946లో గస్ రిస్మన్‌ని ప్లేయర్-మేనేజర్‌గా తెచ్చుకున్నారు. ఇండామిటబుల్ అనే విమాన వాహక నౌకెక్కి ఆస్ట్రేలియా వెళ్లి, టెస్టుల్లో ఓడకుండా తిరిగొచ్చిన బ్రిటన్ జట్టుకి కెప్టెన్ ఆయనే. ఆయన చేతిలో ఈ కొత్త క్లబ్బు 1951లో చాంపియన్‌షిప్, 1952లో కప్పు కొట్టింది. కప్పు అందుకునేనాటికి ఆయనకి 41 ఏళ్లు. ఆ వయసులో నేను మెట్లెక్కడానికే ఆయాసపడుతున్నా.

చలిదేశపు బాబాయి:
రిస్మన్‌కి దండం. కానీ 1953 ఫైనల్‌ని టీవీలో చూపలేదు, జనం మళ్లీ 89 వేలకి చేరారు. దానికేమంటారు?

స్కోరుకార్డు:
ఆ ఏడు ఆడింది హడర్స్‌ఫీల్డ్, సెయింట్ హెలెన్స్. రెండూ పెద్ద క్లబ్బులు. ఇంకోటి: 1960 మేలో విగన్, వేక్‌ఫీల్డ్ చాంపియన్‌షిప్ ఫైనల్ జరిగింది మీ ఆడ్సల్‌లోనే. జనం 83,190. అప్పటికి గ్రాండ్‌స్టాండ్ మొదలై ఏడాదిన్నర. టీవీ జనాన్ని మింగేస్తే ఆ 83 వేలు ఎక్కడి నుంచి వచ్చారు?

మిల్లుగేటు:
ఇద్దరూ పెద్ద మ్యాచులే లెక్కపెడుతున్నారు. మామూలు శనివారాల సంగతి చూడండి. 1949-50 సీజన్ మొత్తానికి రగ్బీ లీగ్‌కి దాదాపు 70 లక్షల మంది వచ్చారు. మరి ఎందుకొచ్చారు? యుద్ధం అయిపోయింది, చేతిలో జీతం ఉంది, కొందామంటే కొట్లో సరుకు లేదు. రేషన్ పూర్తిగా ఎత్తేసింది 1954 జులైలో. అప్పటిదాకా డబ్బు ఖర్చు పెట్టే చోట్లు సినిమా, పబ్, ఆట. ఫుట్‌బాల్ లీగ్‌కి కూడా 1948-49లో 4 కోట్లు దాటి వచ్చారు, తర్వాత అక్కడా పడిపోయింది. క్లబ్బులవాళ్లు ఆ వాపు చూసి బలుపు అనుకున్నారు.

ఇంకో సంగతి. మిల్లుల్లో పనివాళ్లు మారారు. యాభైల చివరికి రాత్రి షిఫ్టుల్లోకి పాకిస్తాన్ వైపు మీర్పూరు నుంచీ పంజాబ్ నుంచీ మనుషులొచ్చారు. వాళ్లకి ఈ ఆట తెలియదు.

స్కోరుకార్డు:
మొదటి పేరా బాగుంది. రెండోది ఒప్పుకోను. ఊళ్లో ఏం జరిగినా కొత్తగా వచ్చినవాడి నెత్తిన రుద్దడం పాత అలవాటు. హడర్స్‌ఫీల్డ్ కూడా ఉన్ని మిల్లుల ఊరే, బస్సులో వెళ్లే దూరం. అక్కడికీ అదే జనం వచ్చారు. ఆ క్లబ్బు 1962లో చాంపియన్‌షిప్ గెలిచింది, ఫైనల్ ఆడింది ఆడ్సల్‌లోనే.

మిల్లుగేటు:
సరే, తగ్గుతున్నా. కారణం అని కాదు, పక్కన జరిగిన మార్పు అని చెప్పాను. రాయడంలో తేడా వచ్చింది.

కబడ్డీ కోర్టు:
ఆట గురించి ఎవరూ మాట్లాడరేం? అప్పట్లో ఆటే చూడబుద్ధయ్యేది కాదు. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి పట్టేస్తే వాడు ఔట్. ఇక్కడ పట్టి పడేసినా లేచి, బంతిని కాలితో వెనక్కి దొర్లించి మళ్లీ మొదలెడతాడు. అలా ఎన్నిసార్లు అన్నదానికి 1966 దాకా హద్దే లేదు. బలమైన ఫార్వర్డులుంటే గెలుస్తున్న జట్టు బంతి వదలదు, ఎదుటివాళ్లకి దొరకదు. 1966లో నాలుగు ట్యాకిళ్లన్నారు (ట్యాకిల్ అంటే అలా పట్టి పడేయడం), 1972లో ఆరు చేశారు. అప్పటికి ఆడ్సల్ క్లబ్బు ఒకసారి మూతపడి తెరుచుకుంది కూడా.

చలిదేశపు బాబాయి:
1954 ఫైనల్ మొదట వెంబ్లీలో 4-4తో డ్రా అయింది. రెండు వైపులా ఒక్క ట్రై (బంతిని గీత దాటించి నేలకి ఆనించడం) కూడా లేదు, అన్నీ కాలితో కొట్టిన గోల్సే. పరమ బోరు. అందుకని రీప్లేకి జనం మానేశారా? లక్ష దాటారు. నీ వాదన నిలవదు.

కబడ్డీ కోర్టు:
కప్పు ఫైనల్ అంటే తిరునాళ్ల లాంటిది బాబాయ్. ప్రతి శనివారం తిరునాళ్లు కాదు కదా.

కొత్త సభ్యుడు:
చిన్న డౌట్. 1963 నవంబరు 23 అంటే కెనడీని కాల్చిన మర్నాడు. జనం ఆ టెన్షన్‌లో ఇంట్లో ఉండిపోయారేమో?

స్కోరుకార్డు:
తేదీ నిజమే. కానీ ఆ వార్త మిగతా ఊళ్లకీ చేరింది కదా. బ్రాడ్‌ఫర్డ్ వాళ్లొక్కరికే అంత దుఃఖమా?

అసలు ఆ 1,02,569 అంకెతో పోల్చడమే తప్పు. ఆ రోజు వచ్చింది వారింగ్టన్, హాలిఫాక్స్ ఆట చూడ్డానికి. సొంత క్లబ్బు కోసం వచ్చిన జనం చూడాలంటే 1953 మార్చి 14, హడర్స్‌ఫీల్డ్‌తో కప్ మ్యాచ్, 69,429 మంది. ఆ నార్తర్న్ వేరు. 1947, 48, 49 వరసగా మూడేళ్లు వెంబ్లీ వెళ్లి రెండు కప్పులు తెచ్చిన జట్టు. పదేళ్లు తిరిగేసరికి రెండో డివిజన్ అట్టడుగున ఉంది.

నా లెక్కలో అసలు దెబ్బ ఇదే. 1962లో లీగ్‌ని రెండు డివిజన్లు చేశారు. లీడ్స్, హాలిఫాక్స్, హడర్స్‌ఫీల్డ్, వేక్‌ఫీల్డ్ పైన. బ్రాడ్‌ఫర్డ్ కింద. నడిచో బస్సెక్కో వచ్చే పక్క ఊరి జనం ఒక్కసారిగా పోయారు. ఇంకా అవమానం, పక్కనే ఉన్న చిన్న కీత్లీ 1963లో పైకెళ్లిపోయింది. దానికి తోడు 1962-63 చలికాలంలో మంచు గడ్డకట్టి వారాల తరబడి ఆటలే లేవు, గేటు డబ్బూ లేదు. ఓడిపోయే జట్టు, ఎక్కడో బారో, వైట్‌హేవెన్ నుంచి వచ్చే ప్రత్యర్థులు. నేనైనా ఇంట్లోనే ఉంటా. ఆ రెండు డివిజన్ల పద్ధతిని 1964లో ఎత్తేశారు కూడా.

మిల్లుగేటు:
ఇది ఒప్పుకుంటా. డెర్బీ, అంటే పక్క ఊరితో పోటీ, లేకపోతే ఉత్తర ఇంగ్లండ్‌లో ఆట సగమే.

చలిదేశపు బాబాయి:
నేనూ సగం ఒప్పుకుంటా. టీవీ పాత్ర లేదంటే మాత్రం ఒప్పుకోను. అయినా నా వాదనకి అడ్డొచ్చే ముక్క నేనే చెప్తా, ఎలాగూ ఎవరో ఒకరు తవ్వి తీస్తారు. క్లబ్బు మూతపడ్డాక పాత ఆటగాళ్లు ట్రెవర్ ఫోస్టర్, జో ఫిలిప్స్ లాంటివాళ్లు తిరిగి ఊపిరి పోశారు. 1964 ఆగస్టులో హల్ కింగ్‌స్టన్ రోవర్స్‌తో మొదటి మ్యాచ్‌కి పద్నాలుగు వేలకు పైగా వచ్చారు. మరుసటి ఏడు హన్స్‌లెట్‌ని ఓడించి యార్క్‌షైర్ కప్పు కూడా కొట్టారు. టీవీలు అప్పటికీ ఇళ్లలోనే ఉన్నాయి.

కబడ్డీ కోర్టు:
ట్యాకిళ్లకి అప్పటికీ హద్దు లేదు. నాదీ పోయింది.

స్కోరుకార్డు:
తొమ్మిది నెలల్లో 324 నుంచి పద్నాలుగు వేలు. అంటే ఊళ్లో జనం ఉన్నారు, ఎక్కడికీ పోలేదు. మరి క్లబ్బు చచ్చిపోతున్నప్పుడు ఈ పద్నాలుగు వేల మంది ఏం చేస్తున్నట్టు?

చలిదేశపు బాబాయి:
మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు, అప్పట్లో కుర్రాడు. బారో మ్యాచ్‌కి వెళ్లారా అని అడిగితే, "వెళ్లాను" అన్నారు. ఈ ఊళ్లో ఆ మాట నాతో చెప్పినవాళ్లే డజను మంది ఉంటారు. ఆ వయసువాళ్లందరినీ అడిగితే 324 ఎప్పుడో దాటిపోతుంది.